ఉప్పునీటి చెలిమి

మా కింది ఇంటి మామి ఉల్లిపాయ కూడా ముట్టదు. ఏకాదశి, ప్రదోషం, సంకటహర చతుర్థి... పంచాంగంలో ఉపవాసానికి వీలున్న రోజు ఏదీ ఆవిడ చేతిలోంచి జారిపోదు. అలాంటి మనిషి రోజూ పొద్దున్నే కాఫీ అయ్యాక, పైటచెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని, పొడుగాటి స్పూనుతో రొయ్యల తురుము తీసి అద్దాల తొట్టిలోకి జారవిడవటం మీరు చూసి తీరాలి. "పాపం, వాటి ధర్మం వాటిది" అంటుంది. ఆ తరవాత తలారా స్నానం.

తొట్టి ఆవిడ కొడుకుది. ఇక్కడ చెన్నైలో కొళత్తూరు అని రంగుచేపల బజారు ఒకటుంది. ఆ బజారంతా గాలించి నాలుగడుగుల తొట్టి, పంపు, దీపాలు, ఉప్పు ప్యాకెట్లు కొన్నాడు. అందరిలా మంచినీళ్ళ చేపలు కాదు, సముద్రం చేపలే కావాలని పంతం. పంతం నెగ్గిన ఏడాదికి కెనడాలో ఉద్యోగం వచ్చింది. కుర్రాళ్ళ ముచ్చట్లు చివరికి ఎవరి నెత్తిన పడతాయో తల్లులకి నేను చెప్పాలా?

అందులో ఎనిమిది చేపలుండేవి. ఎర్రటి ఒంటికి తెల్లపట్టీలు కట్టుకున్న క్లౌన్ చేపల జంట ఒకటి. అవి ఎనిమోన్ అనే జీవి చేతుల మధ్య కాపురం ఉండేవి. చూస్తే విచ్చిన చామంతిపువ్వులా ఉంటుందిగానీ ఆ ఎనిమోన్ రేకరేకకీ విషం. ఇంకోటి అరచేతి వెడల్పున నీలం రంగు సర్జన్ చేప. తోక మొదట్లో డాక్టరు కత్తిలాంటి ముల్లు ఉంటుంది కనుక దానికా పేరు. ఇంకోటి చిటికెనవేలంత చేప, ఒంటిమీద నిలువునా నల్లచార. మిగతావాటితో మనకి పని లేదు.

ఈ చిటికెనవేలు చేప ఉందే, రోజుకి పదిసార్లు సర్జన్ చేప దగ్గరికి వెళ్ళేది. ఇది రాగానే పెద్దచేప ఎక్కడి పని అక్కడ ఆపి, రెక్కలు విప్పి, కాస్త పక్కకి ఒరిగి, కదలకుండా నిలబడిపోయేది. చిన్నది దాని ఒళ్ళంతా మూతితో తడిమేది. మొప్పల సందులో తల పెట్టేది. అమ్మ చేత తలంటించుకునే పిల్ల సుఖంగా కళ్ళు మూసుకుంటుందే, అచ్చం అలా ఉండేది ఆ పెద్దచేప వాలకం.

"ఏమ్మా, నువ్వు కథలు రాస్తావే, ఇది చెప్పు" అంది ఒకరోజు మామి. పాతికేళ్ళుగా తెలుగువాళ్ళ పక్కన ఉంది కనుక ఆవిడ తెలుగు బాగానే ఉంటుంది, కాస్త తమిళపు పోపు వేసినట్టు. "ఇది వేరు జాతి, అది వేరు జాతి. వీటిమధ్య ఉన్నది స్నేహమా, లేకపోతే ఏదో పనిమీద వచ్చి పోవటమా?"

నేను బి.ఏ. మనిషిని. చేపల గురించి నాకు తెలిసింది పులుసు దాకానే. అయినా హిస్టరీ చదివినవాళ్ళకో సౌకర్యం ఉంది. ఒక ప్రశ్నకి జవాబు తెలియకపోతే, ఆ ప్రశ్న ఇదివరకు ఎవరెవరు వేశారో వెతుక్కుంటూ కూర్చోవచ్చు. అలా కూర్చున్నాను. తమాషా ఏమిటంటే, మామి అడిగిన ప్రశ్నమీద నూటయాభై ఏళ్ళుగా చదువుకున్న మగవాళ్ళు తర్జనభర్జనలు పడుతూనే ఉన్నారు. వాళ్ళకంటే ముందు ఇద్దరు ఆడవాళ్ళు తొట్టి కట్టి పెట్టారు.

మొదటావిడ జాన్ విల్‌ప్రూ. 1794లో ఫ్రాన్సులో ఒక పల్లెటూళ్ళో చెప్పులు కుట్టే ఇంట పుట్టింది. పారిస్ చేరి కుట్టుపని చేసింది. 1816లో ఒక రాజకుమారి పెళ్ళిగౌనుకి ఎంబ్రాయిడరీ చేసి పేరు తెచ్చుకుంది. ఒక ఇంగ్లీషు వర్తకుణ్ణి పెళ్ళాడి సిసిలీలో మెసీనా రేవుకి కాపురానికి వెళ్ళింది. అక్కడ పండితులు తెగ కొట్టుకుంటున్న తగవొకటి ఆవిడ చెవిన పడింది. ఆర్గొనాట్ అని ఎనిమిది చేతుల సముద్రజీవి ఉంది. అది కూర్చున్న తెల్లటి గుల్ల దాని సొంతమా, ఇంకొకరి దగ్గర కాజేసిందా అని తగవు. ఊహించి లాభమేముంది, పెంచి చూద్దామనుకుంది. 1832లో గాజుతొట్లు చేయించి, అందులో సముద్రపు నీళ్ళు పోసి ఆ జీవుల్ని పెంచింది. గుల్ల వాటి సొంతమేనని, విరిగితే అవే అతుకు వేసుకుంటాయని తేల్చింది. సూదీదారం పట్టిన చెయ్యి కదా, అతుకు ఎక్కడ పడిందో ఆ కంటికి తెలియకుండా పోతుందా!

రెండో ఆవిడ ఆనా థిన్. లండన్‌లో వెస్ట్‌మిన్‌స్టర్ ఆబీ మతాధికారి ఒకాయన భార్య. 1846లో టార్కీ సముద్రతీరానికి వెళ్ళినప్పుడు రాతి పగడాలు చూసి మోజుపడింది. వాటిని సూదీదారంతో స్పాంజికి కుట్టి (మళ్ళీ సూదీదారమే, చూడండి) జాడీలో పెట్టి లండన్ తెచ్చుకుంది. సముద్రం బాగా దూరం. నీళ్ళలో గాలి అయిపోతే జీవులు చచ్చిపోతాయి. అందుకని రోజూ కిటికీ దగ్గర నిలబడి ఆ నీళ్ళు ఈ గిన్నెలోంచి ఆ గిన్నెలోకి, ఆ గిన్నెలోంచి ఈ గిన్నెలోకి అరగంటా ముప్పావుగంటా తిరగబోసేవారు. పోసేవారంటే ఆవిడ కాదు, ఇంట్లో పనిపిల్ల. ఆ పిల్లకి అదొక ఆటలా ఉండేదని ఆనా థిన్ తరవాత రాసుకుంది. ఉండేదో లేదో ఆ పిల్లని అడిగినవాళ్ళు లేరు. మరుసటేడు నీళ్ళలో నాచుమొక్కలు వేశాక జీవులు వాటంతట అవే నిలదొక్కుకున్నాయి. ఇవాళ మామి తొట్టిలో బుడబుడమని కరెంటు పంపు చేసే పని ఆనాడు ఆ పనిపిల్ల చేతులు చేశాయి. దాని పేరు చరిత్రలో లేదు.

ఆ తరవాత ఫిలిప్ హెన్రీ గాస్ అనే ఆయన వచ్చి, 1854లో పుస్తకం రాసి, 'ఎక్వేరియం' అనే మాటని ఇంటింటికీ ఎక్కించాడు. ఇంగ్లండు ఇంగ్లండంతా బక్కెట్లు పట్టుకుని సముద్రం ఒడ్డుకి పరిగెత్తింది. ఎంతగా పరిగెత్తిందంటే, గాస్ కొడుకు 1907లో తన చిన్ననాటి సంగతులు రాస్తూ, మా నాన్న మనుషులకి చూపించిన ఆ రాతిగుంటల అందమంతా ఆ మనుషులే వచ్చి దోచుకుపోయారని బాధపడ్డాడు. మనం ఒకదాన్ని ఇష్టపడ్డామంటే దానికి గండం వచ్చిందన్నమాటే. మన దేశంలో 2001 నుంచీ పగడాల్ని, సముద్రగుర్రాల్ని పట్టటం చట్టరీత్యా నేరం. మామి కొడుకు తొట్టిలో పగడాలు ఉండకపోవటానికి కారణం అదే.

ఇక మామి ప్రశ్నకి వద్దాం. 1868లో కత్‌బర్ట్ కాలింగ్‌వుడ్ అనే ఆయన చైనా సముద్రంలో తిరిగి వచ్చి, అక్కడి పెద్దపెద్ద ఎనిమోన్లలో చేపలు బతుకుతున్నాయని లండన్ పత్రికలో రాశాడు. వాటిని ఆయన 'పరాన్నజీవి లాంటి' చేపలన్నాడు. ఇంకొకరి ఇంట్లో చూరు పట్టుకుని వేళ్ళాడే బాపతు అని అర్థం. సరిగ్గా మరుసటేడు, 1869లో, బోర్నియో ప్రాంతంలో పనిచేసిన డి క్రెస్పినీ అనే ఆయన అలాంటి చేప గురించే లండన్ జంతుశాస్త్ర సంఘానికి ఒక వ్యాసం పంపాడు. ఆ వ్యాసం పేరులోనే ఉంది, ఫలానా చేపకీ ఫలానా ఎనిమోన్‌కీ నడుమ ఉన్న 'స్నేహం' గురించి అని. ఒకే కాపురం. చూసిన ఇద్దరిలో ఒకాయనకి ఇల్లరికం కనిపించింది, ఇంకొకాయనకి చెలిమి కనిపించింది. మన పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకువాళ్ళు చెప్పే కథ, పెళ్ళికూతురువాళ్ళు చెప్పే కథ విన్నట్టు లేదూ?

శాస్త్రజ్ఞులకి స్నేహమన్న మాట నచ్చలేదు. మరీ ఇంట్లో మాటలా ఉందనుకున్నారో ఏమో! 1870లలో బెల్జియం పండితుడు వాన్ బెనెడెన్ వీళ్ళని సహపంక్తి భోజనం చేసేవాళ్ళన్నాడు. ఒక పంక్తిలో కూర్చుంటారు, ఎవరి విస్తరి వారిది. ఆ తరవాత జర్మనీలో డి బారీ అనే ఆయన 1879లో ఇంకో మాట ఖాయం చేశాడు. దాన్నే మన పాఠ్యపుస్తకాల్లో 'సహజీవనం' అని తెలుగు చేశారు. ఆ మాట ఈమధ్య పేపర్లలో ఎలాంటి వార్తల కింద వస్తోందో మీకు తెలుసు కనుక మామి దగ్గర నేను వాడలేదు.

మాటల గొడవ అటుంచితే, రెండు సంగతులు తేలాయి. 1888లో బటేవియాలో, అంటే ఇప్పటి జకార్తాలో, స్లౌటర్ అనే ఆయన తొట్లలో పెట్టి చూశాడు. ఎనిమోన్ తోడున్న చేపలు బతికాయి. తోడు లేనివాటిని పెద్దచేపలు మింగేశాయి. మరి ఆ విషం క్లౌన్ చేపని ఎందుకు కుట్టదు? 1958లో డావెన్‌పోర్ట్, నారిస్ అని ఇద్దరు ఆ కిటుకు చేప ఒంటిమీది జిగురులో ఉందని చూపించారు. కొత్త చేప ఒక్కసారిగా లోపలికి దూకదు. ముందు తోక తాకిస్తుంది, వెనక్కి వస్తుంది. మళ్ళీ పొట్ట ఆనిస్తుంది, వెనక్కి వస్తుంది. కొత్తకోడలు అత్తగారి వంటింట్లో అడుగుపెట్టినట్టే. అన్నట్టు, ఈ క్లౌన్ చేపల ఇంట్లో పెద్దరికం ఆడదానిదే. అది పోతే మగడే ఆడదిగా మారి ఆ పెత్తనం తీసుకుంటాడని 1977లో ఫ్రికె దంపతులు రాశారు. ఈ మాట చెప్తే మామి అరగంట నవ్వింది.

అయితే ఆవిడ అడిగింది చేపకీ చేపకీ సంగతి. ఈ వేరు జాతుల చేపల విషయంలో నన్ను బాగా ఆలోచనలో పడేసినవాడు కోన్రాడ్ లోరెంజ్. 1973లో నోబెల్ బహుమతి పొందిన పెద్దమనిషి. 1938లో నాజీ పార్టీలో చేరిన మనిషి కూడాను. ఆ రోజుల్లో మనుషుల జాతుల గురించి తాను రాసినదానికి తరవాత విచారపడ్డాడు. అలాంటివాడు జాతుల గురించి ఏం చెప్పినా నేను కాస్త దూరంగా కూర్చునే వింటాను. కానీ 1963లో వచ్చిన పుస్తకంలో ఆయన సముద్రపు చేపల తొట్టి గురించి రాసింది మాత్రం దూరంగా కూర్చుని వినేది కాదు. రంగురంగుల పగడపుదిబ్బ చేపల్ని తొట్టిలో కలిపి వేస్తే, అవి కొరుక్కునేదంతా ఎక్కువగా తమ జాతివాళ్ళనేనట. చారలున్నది చారలున్నదాన్ని తరిమి తరిమి చంపుతుంది. పక్కనే పసుపుపచ్చది తిరుగుతుంటే కన్నెత్తి చూడదు. కారణం సులువు. తన జాతిదైతే తను తినే తిండే తింటుంది, తను దాక్కునే గూడే కావాలంటుంది. వేరు జాతిదానితో పేచీ ఏముంది?

నాకూ మా తోడికోడలికీ పదకొండేళ్ళు ఒకటే వంటిల్లు. ఆవిడ మంచిది. నేనూ చెడ్డదాన్ని కాను. ఇద్దరికీ ఒకటే పొయ్యి, ఒకటే అత్తగారి మెప్పు, చివరికి ఒకటే కంది రోలు. ఇప్పుడు ఆవిడ హైదరాబాదులో, నేను చెన్నైలో. పండక్కి ఫోన్లు చేసుకుంటాం. అదే మామితో పన్నెండేళ్ళలో ఒక్క మాట పట్టింపు రాలేదు. ఆవిడ సాంబారు, నా గోంగూర ఎప్పుడూ పోటీపడలేదు. ఇది చదివి మా తోడికోడలు ఏమనుకుంటుందో తెలియదు కానీ, నిజం అనిపించింది రాశాను.

జాతి అన్న మాట మనకి చేపలకీ అదే, మనుషులకీ అదే. మద్రాసు మెరీనా ఒడ్డున 1909లో చేపల ప్రదర్శనశాల తెరిచారు. రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో అది మూతపడింది. అది తెరిచిన ఏడాదే, ఈ ఊళ్ళోనే మ్యూజియంకి అధిపతిగా చేసిన థర్‌స్టన్ దక్షిణాది మనుషుల కులాల మీద ఏడు సంపుటాలు అచ్చు వేశాడు. చేపలు అద్దాల వెనక, మనుషులు అట్టల మధ్య. ఎవరి గది వారిది. ఎవరు ఎవరితో స్నేహం చేస్తారన్నది ఆ అమరికలో కనబడే సంగతి కాదు.

సముద్రంలోకి మనిషే దిగి చూస్తేగాని అది కనబడలేదు. నీళ్ళకింద ఊపిరి పీల్చే పరికరాలు రెండో ప్రపంచ యుద్ధం తరవాత చేతికొచ్చాయి. 1950లలో ఆస్ట్రియా శాస్త్రజ్ఞుడు ఐబెస్‌ఫెల్ట్ పగడపుదిబ్బల దగ్గర మునిగి చూస్తే, మామి తొట్టిలోని చిటికెనవేలు చేపలాంటివే అక్కడ దుకాణాలు పెట్టుకుని ఉన్నాయి. పెద్దచేపలు వరసలో వచ్చి నిలబడతాయి. చిన్నవి వాటి ఒంటిమీది పురుగుల్ని ఏరి తింటాయి. ఒక్క గుటకకి చాలని ఆ చేప, వేటాడి బతికే పెద్దచేప నోట్లోకి వెళ్ళి పళ్ళ సందులు శుభ్రం చేసి బయటికి వస్తుంది. పెద్దది నోరు మూయదు! ఇందులోనూ మోసగాళ్ళున్నారు. అచ్చం దీని వేషమే వేసుకున్న వేరే చేప ఒకటుంది. పురుగులు ఏరుతుందని నమ్మి నిలబడ్డ చేప రెక్క ముక్క కొరుక్కుని పారిపోతుంది. అసలుదానికీ బుద్ధి కాస్త అటూ ఇటూ అవుతుంటుందిట. పురుగులకంటే దానికి ఒంటిమీది జిగురే రుచి. అది కొరికితే పెద్దచేప ఉలిక్కిపడి తరుముతుంది. మళ్ళీ చిన్నది వచ్చి రెక్కలతో వీపు నిమిరి మంచి చేసుకుంటుంది.

అమెరికాలో కాన్రాడ్ లింబా అనే ఆయన ఒక పని చేశాడు. బహామా దీవుల్లో రెండు చిన్న దిబ్బల దగ్గర శుభ్రం చేసేవాటినన్నిటినీ తీసేశాడు. రెండు వారాల్లో చాలా చేపలు ఆ చోటు వదిలి వెళ్ళిపోయాయి. మిగిలినవాటికి పుళ్ళు లేచాయి, రెక్కలు చివికిపోయాయి. ఈ సంగతులు రాసిన వ్యాసం 1961లో అచ్చయ్యేసరికి ఆయన లేడు. 1960లోనే ఫ్రాన్సులో నీళ్ళకింద మునిగి మరి పైకి రాలేదు. తరవాత అలాగే చేసిన కొందరికి అదే ఫలితం కనిపించలేదు. కానీ ఆస్ట్రేలియాలో లిజార్డ్ దీవి దగ్గర ఎనిమిదిన్నరేళ్ళు ఓపిగ్గా ఈ చిన్నచేపల్ని ఏరేస్తూ చూశారు. అక్కడ చేపలు తగ్గాయని, కొన్ని జాతులు చిన్నగానే ఉండిపోయాయని 2011లో చెప్పారు. ఇంకా చిత్రం, ఎర్రసముద్రంలో ఒకరకం బొంత చేప, పాములాంటి మోరే చేప ఉండే కన్నం దగ్గరికి వెళ్ళి తల ఆడించి వేటకి పిలుస్తుందని 2006లో బయటపడింది. సందుల్లో దూరటం దానికి రాదు, బయట పరిగెత్తటం దీనికి రాదు.

ఇవన్నీ నేను రోజుకింత చొప్పున మామికి చెప్పేదాన్ని. ఆవిడ వింటూ తొట్టివంకే చూసేది. ఒకరోజు అంది, "అమ్మా, ఇది చిక్కిపోలేదూ?"

చిటికెనవేలు చేప పొట్ట లోపలికి పీక్కుపోయింది. రొయ్య తురుము వేస్తే అది అటే రాదు. గుడ్డు పొడి వేసి చూసింది, నాకు తెలియకుండా. కొళత్తూరులో దుకాణంవాడు ఏదో ప్యాకెట్ ఇచ్చాడు. అదీ ముట్టలేదు. అప్పుడు నాకు గుర్తొచ్చింది, నేను చదివి, ఎక్కడో చివరికి నెట్టేసిన లెక్క. 1996లో లెక్స గ్రటర్ అనే ఆవిడ లిజార్డ్ దీవి దగ్గర కూర్చుని లెక్కపెట్టింది. ఈ చేప ఒక్కటి ఒక్కరోజులో దాదాపు 2,300 చేపల్ని చూస్తుంది. 1,200 పురుగులు తింటుంది. మామి తొట్టిలో దానికి ఉన్న ఇళ్ళు ఏడు.

ఈ మాట చెప్పాలా వద్దా అని రెండు రోజులు తటపటాయించి, చెప్పాను. మామి లేచి నిలబడింది. "అయితే ఇది రోజుకి పదిసార్లు వెళ్ళి వచ్చేది..." అని ఆగిపోయింది. ఆకలికి అని నేనూ అనలేదు, ఆవిడా అనలేదు.

మూడో నాడు పొద్దున అది తొట్టి అడుగున ఉంది. ఆవిడ దాన్ని చిన్న గుడ్డలో చుట్టి, తులసికోట దగ్గర కాదు, పక్కనున్న నందివర్ధనం మొదట్లో పెట్టింది. దుకాణంవాడు ఫోన్‌లో, "ఇంకోటి తెచ్చిస్తాను మామీ, ఖరీదేం పెద్ద ఎక్కువ కాదు" అన్నాడట. "దాన్నీ మాడ్చనా?" అని పెట్టేసింది.

సర్జన్ చేప మాత్రం పంపు గొట్టం పక్కన, ఎప్పుడూ నిలబడే ఆ మూలకి వచ్చేది. రెక్కలు విప్పి, పక్కకి ఒరిగి, కాసేపు అలా ఉండేది. మామి నన్ను పిలిచి చూపించింది. "ఇది దేనికోసం, దురదకా?" అంది. నేను 1868 మాట చెప్పనా, 1869 మాట చెప్పనా అని ఆలోచిస్తుండగానే, ఆవిడ ఆ మూలన ఉన్న దీపం ఆర్పేసి, మిగతావాటికి తురుము తేవటానికి లోపలికి వెళ్ళింది.

పది రోజులు వచ్చింది అలా. తరవాత రావటం మానేసింది.